మిరప కళ్ళంలో కెమెరా

మన దేశపు ప్రకృతిని, మనుషులను, సంస్కృతిని విదేశీయులకు పరిచయం చేసే వీడియో తీస్తున్నామంటూ సిటీ నుంచి నలుగురు వచ్చారు. అద్దంకి దగ్గర మా పిన్ని మిరప కళ్ళంలో షూటింగు. బడిలో ఇంగ్లీషు చెప్తానని నన్ను వాళ్ళకు తోడు పంపారు. తీరా చూస్తే వాళ్ళూ తెలుగువాళ్ళే. అయినా రైతులతో మాట్లాడటానికి మధ్యలో ఒక మనిషి కావాలట. అక్కడే నాకు సగం ఒళ్ళు మండింది.

"కొబ్బరిచెట్లూ, పడవలూ ఎక్కడున్నాయండీ?" అని దారిలో దర్శకుడు అడిగాడు. నల్లరేగడి, పత్తి, మిరప, మాడ్చేసే ఎండ, ఇదే మా ప్రకృతి అన్నాను. అతని మొహం చిన్నబోయింది. కళ్ళం నిండా ఎర్రగా ఆరబోసిన కాయలు చూశాకే మళ్ళీ వెలిగింది. బూట్లతోనే కాయల్లోకి నడిచేశాడు. కళ్ళంలోకి మేమెవరమూ చెప్పులతో వెళ్ళం. పిన్ని చూసింది గానీ, వచ్చినవాళ్ళను ఒక మాట అనడం ఆవిడకు చేతకాదు.

పిన్ని ఏడాది కష్టమంతా ఆ కళ్ళంలోనే ఉంది. ఎండిన కాయ తడిస్తే రంగు పోయి తాలుకాయ అవుతుంది. మార్కెట్ యార్డులో కొనేవాళ్ళు దాన్ని చూసి మొహం తిప్పుకుంటారు.

పొద్దు వాలేసరికి తూర్పున మబ్బు కమ్మింది.

"బాబూ, మబ్బేసింది. కాయ కుప్ప చేసుకుంటాం" అంది పిన్ని.

"ఒక్క పది నిమిషాలమ్మా. పరిచి ఉంటేనే అందం. అందరూ గుప్పిళ్ళతో కాయలు పైకి విసిరి నవ్వండి" అన్నాడతను.

"కళ్ళల్లో పడితే ఎవరు కడుగుతారయ్యా?" అంది కూలికొచ్చిన ఒకామె.

అతను నావైపు తిరిగి, "ఏమంటోందండీ?" అన్నాడు. తెలుగులోనే అంటోందండీ అన్నాను. ఇక చాలించమని కూడా చెప్పాను. వింటేగా.

చినుకులు మొదలయ్యాయి. పిన్ని కాయ మీద కప్పే పట్టా కోసం పరుగెత్తింది. పెట్టిన చోట పట్టా లేదు. ఆ నలుగురూ దాన్ని కెమెరా మీదికి లాక్కుని, కింద తామూ నిలబడ్డారు. ఆడవాళ్ళు వానలో తడుస్తూ, చేటలతో, చేతులతో కాయల్ని కుప్పకు తోస్తున్నారు. కెమెరా వాళ్ళనే తీస్తోంది.

"అద్భుతంగా వస్తోంది మేడం. వాళ్ళను కాస్త నవ్వమనండి" అన్నాడు దర్శకుడు.

ఆ మాట విని పిన్ని తలెత్తింది. జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా, మర్యాద కోసం, నవ్వబోయింది. ఇక నాకు కోపం ఆగలేదు. పట్టా కొస పట్టుకుని ఒక్క ఊపున లాగేశాను. వెనక కేకలు వినపడుతున్నా తిరిగి చూడలేదు. నేనూ పిన్నీ చెరో కొస పట్టుకుని కుప్ప మీద కప్పేసరికి సగం కాయ తడిసిపోయింది.

పిన్ని పట్టా మీద రాళ్ళు పెడుతూ, "పాపం, వాళ్ళ కెమెరా తడిసిందేమో చూడవే" అంది.