కళ్ల చుట్టూ గట్టు

మందుల షాపు పెద్దమ్మ మొటిమల క్రీము ఊరికే చేతిలో పెట్టేది కాదు. కొనడానికొచ్చిన పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, ఉంగరం వేలితో వాజిలీను తీసి, కళ్ల చుట్టూ పల్చగా రాసి చూపించేది.

"ఇదీ గట్టు. ముందు ఇది, తర్వాతే క్రీము. గట్టు దాటిందో, నా దగ్గరికి ఏడుస్తూ రాకు!"

"అబ్బ, ఇంత హడావిడెందుకు పెద్దమ్మా?" అని ఒకరోజు టైలరు కూతురు విసుక్కుంది.

పెద్దమ్మ గుడ్లురిమి, సొరుగులోంచి ఓ పాత ఫోటో తీసింది. తన అక్క పెళ్లినాటిది. పెళ్లికూతురి భుజానికి ఆనుకుని పదహారేళ్ల పెద్దమ్మ, కందిరీగలు కుట్టినట్టు ఉబ్బిన కళ్లతో నిలబడి ఉంది.

"పెళ్లినాటికి ముఖం నున్నగా ఉండాలని, ముందురోజు రెప్పల దాకా క్రీము మెత్తుకున్నా. మా అక్కేమో తనను వదల్లేక నేను ఏడ్చాననుకుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఈ ఫోటో చూపించి, 'మా చెల్లికి నేనంటే ప్రాణం' అని మురిసిపోయేది."

"నిజం చెప్పలేదా?"

"నలభై ఏళ్లు చెబుదామనే అనుకున్నానే. ఆ మురిపెం చూస్తే నోరు రాలేదు."

పెద్దమ్మ ఫోటో మీది దుమ్మును అరచేత్తో తుడిచింది. కోపమంతా ఎటో పోయింది.

"కిందటేడు అక్క పోయింది. ఆ సాయంత్రం ముఖం కడుక్కుని అద్దంలో చూసుకున్నా. అచ్చం ఇవే కళ్లు."