ఇమాస్ పూలు, తొమ్మిది సెకన్ల కంప్యూటర్

ఇండోనేషియాలో తాసిక్‌మలయా పట్నం పక్కన మా కవాలు ఊళ్లో ఎవరూ "కాదు" అనరు. మరమ్మతులు చేసేవాళ్లు అసలే అనరు. దాన్ని మర్యాద అనుకుని మావాళ్లు మురిసిపోతుంటారు. ఇమాస్ కొంప ముంచింది ఆ మర్యాదే.

ఇమాస్‌కు యాభై రెండేళ్లు. ఊరందరికీ తెతే, అంటే అక్క. ముందుగదిలో ఎంబ్రాయిడరీ యంత్రం, పక్కనే కంప్యూటర్. ఆడవాళ్లు కప్పుకునే తలగుడ్డల అంచులకు కుట్టే పూలను పంతొమ్మిదేళ్లుగా ఆ తెర మీదే గీస్తోంది. గీసిన పువ్వును ఫ్లాపీలోకి ఎక్కించి యంత్రంలో పెడితే కుట్టు మొదలవుతుంది. ఉన్నది ఒక్కటే ఫ్లాపీ, కాబట్టి ప్రతిసారీ పాత పువ్వు చెరిపి కొత్తది ఎక్కిస్తుంది. కంప్యూటర్ మాత్రం ముసలిదైపోయింది. మీట నొక్కి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చినా తెర ఇంకా నల్లగానే ఉండేది.

హజ్ చేసొచ్చిన కోకోమ్, అందరూ హజ్జా అంటారు, నూట నలభై తలగుడ్డలు తెచ్చి శుక్రవారానికి కావాలంది. మూడేళ్ల కిందట కుట్టిన మల్లెతీగే కావాలి, ఒక్క ఆకు కూడా మారకూడదు. ఈ ముసలి కంప్యూటర్‌తో అవదని ఇమాస్ కంప్యూటర్లు బాగుచేసే జజాంగ్‌ను పిలిచింది.

"నా పూలన్నీ ఉంటాయా అబ్బాయ్?"

"ఒక్క రేకు రాలదు తెతే."

"మరి వెనకాల గుచ్చిన ఈ బొడిపె? ఇది లేకపోతే పూలు గీసే ప్రోగ్రాం తెరుచుకోదు."

"అవుతుంది తెతే."

కొత్త బోర్డు, కొత్త డిస్కు బిగించాడు. పాత సామాను మార్పిడి కింద పట్టుకుపోయాడు, ఇక్కడ అదే పద్ధతి.

తొమ్మిది సెకన్లలో తెర వెలిగింది. "ఇక అన్నం ఎప్పుడు వండుకోను?" అని ఇమాస్ నవ్వింది.

పదకొండు వందల పూలూ పేర్లతో సహా ఉన్నాయి. మల్లెతీగ మీద నొక్కింది. ప్రోగ్రాం బొడిపె అడిగింది. బొడిపె ఆమె అరచేతిలోనే ఉంది. దాన్ని గుచ్చే వెడల్పాటి రంధ్రం కొత్త బోర్డుకు లేదు.

మర్నాడు జజాంగ్ రెంటినీ కలిపే తీగ ఒకటి తెచ్చాడు. కంప్యూటర్ బొడిపెను పోల్చుకోలేదు. పాత బోర్డు అప్పటికే బండుంగ్ తుక్కు లారీ ఎక్కేసింది. ప్రోగ్రాం అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ నంబరులో ఇప్పుడు మాంసం ఉండల పులుసు అమ్మే ఎవరో ఎత్తి "బక్సో ఎన్ని గిన్నెలు?" అన్నారు. మళ్లీ గీద్దామన్నా గీసేది ఆ ప్రోగ్రాంలోనే.

"అవదని ముందే చెప్పచ్చుగా?"

"మీ మొహం మీద ఎలా చెప్పను తెతే?"

గురువారం హజ్జా వచ్చింది. తెర మీద పేర్లు చదువుతూ ఒకచోట ఆగింది.

"'కోపిష్టి హజ్జా మల్లెతీగ.' ఎవరావిడ?"

"వేరే ఆవిడ."

"ఊళ్లో మల్లెతీగ కుట్టించింది నేనొక్కదాన్నే."

"అయితే మీరే ఓసారి అరిచి చూడండి. దానికైనా తెరుచుకుంటుందేమో."

హజ్జా అరవలేదు. కూర్చుని ఓర్పు గురించి చెప్పింది. ఇరుగుపొరుగూ వంతులవారీగా వచ్చి అదే చెప్పి వెళ్లారు. పంతొమ్మిదేళ్లు ఆ పాత కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఓర్పు నేర్పడానికి వీళ్లెవరు? తలగుడ్డల మూట మాత్రం హజ్జా వెంటే వెళ్లిపోయింది.

యంత్రంలో ఫ్లాపీ ఉండిపోయింది. అందులో చివర ఎక్కించింది పసిపిల్లల బడి చొక్కాల కోసం గీసిన బాతు. ఇమాస్ చిరుగు గుడ్డ ఒకటి బిగించి మీట నొక్కింది. యంత్రానికి ఏ లోపమూ లేదు. పసుపు దారంతో బాతు పొందిగ్గా వచ్చింది. ముక్కు దగ్గర దారం తెంపి, ఇంకో గుడ్డ బిగించింది.