ఈల ఎవరిది?

నిజాం జమానాలో మా బోధన్ సంతకు వచ్చే గుర్రాల వైద్యుణ్ణి అందరూ సలోత్రి అనేవారు. ఊపిరిలో ఈల వినిపిస్తే గుర్రానికి రోగమున్నట్టే లెక్క; అందుకే దాని గొంతుకు చెవి ఆనించే ముందు ఆయన చుట్టూ ఉన్నవాళ్లను కసిరేవాడు.

"అందరు ఊపిరి బిగవట్టుండ్రి!"

అమ్మేవాళ్లు, కొనేవాళ్లు బుగ్గలు ఉబ్బించుకుని నిలబడేవారు.

ఒకసారి మా బాపు టాంగా కోసం గుర్రాన్ని బేరమాడాడు. సలోత్రి బాపు చేతికే పగ్గమిచ్చి, చెరుకుతోట చుట్టూ దాంతోపాటే పరుగెత్తి రమ్మన్నాడు. తిరిగొచ్చాక చెవి పెట్టి విన్నాడు. సన్నటి ఈల మా అందరికీ వినిపించింది. అమ్మేవాడి మొహం మాడిపోయింది.

సలోత్రి బాపు వైపు తిరిగాడు.

"గుర్రం మంచిగున్నది, కొనుక్కో అన్న. గా ఈల నీ గొంతులకెల్లి వస్తున్నది. బీడీలు బంద్ జెయ్యి. నువ్వే గుర్రానివైతే ఒక్కడు గూడ కొనకపోతుండె."

బాపు గుర్రాన్ని కొన్నాడు గానీ బీడీలు మానలేదు. సలోత్రి ఎదురైతే మాత్రం, ఆయన దాటిపోయేదాకా బుగ్గలు ఉబ్బించుకుని నిలబడేవాడు.