మూడు ఆశ్చర్యార్థకాలు

2013 నవంబరులో ఇంగ్లండులో బేసింగ్‌స్టోక్ వెళ్లే రైల్లో, వృద్ధుల కేర్‌హోం యూనిఫాంలో ఉన్న ఒక తెలుగమ్మాయి నా పక్కన కూర్చుంది. నేను ఇండియాలో ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యానని తెలిసి, మేనేజరుకు పంపబోయే మెసేజ్ దిద్దమంది. తెల్లవారుజామున ఊళ్లో అమ్మ చనిపోయిందనీ, సెలవు కావాలనీ ఇంగ్లీషులో రాసింది. అమ్మ చనిపోయిందన్న వాక్యం చివర మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టింది.

"అవి తీసెయ్యమ్మా. ఇక్కడివాళ్లు సంబరం అనుకుంటారు. ఫుల్‌స్టాప్ చాలు."

"బడిలో దుఃఖానికీ పెట్టమన్నారు కదాంటీ?"

నిజమే, మేమంతా అలాగే నేర్పేవాళ్లం. ఆమె రెండు తుడిచింది. మూడోదాని దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇదొక్కటీ ఉంచనా ఆంటీ? ఫుల్‌స్టాప్ పెడితే ఏమీ జరగనట్టుంది."

"ఉంచు తల్లీ."

మెసేజ్ పంపి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది. జవాబు రాకముందే నా స్టేషన్ వచ్చింది.