ఉత్తుత్తి జ్యూరీలో నా సంచీ

ఐర్లండ్‌లోని కార్లోలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, తిండి పెడతారంటే చాలు, ఎక్కడికి రమ్మన్నా వెళ్ళేదాన్ని. ఎందుకు పిలుస్తున్నారని అడగాలన్న జ్ఞానం కూడా ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ అమ్మాయి ధైర్యానికి నవ్వూ, ఆకలికి జాలీ కలిసి వస్తాయి. ఒక శనివారం పొద్దున్న, హోటల్లో పార్ట్‌టైమ్ చేసే మా రూమ్మేట్ కరీంనగర్ అక్క ఫోన్ చేసింది. "ఫోకస్ గ్రూప్ అంటనే. ఒకామె రాలేదు, మనిషి తక్కువైంది. పోయి కూసునుడే, వాళ్ళడిగినదానికి నీకేం అనిపిస్తే అది చెప్పుడే. సాండ్‌విచ్‌లు గూడ పెడ్తరు." మా క్లాసులో ఒకమ్మాయి అంతకుముందు అలాగే వెళ్ళి కొత్త బిస్కెట్లు రుచి చూసి వచ్చింది. ఇదీ బిస్కెట్లేనని తీర్మానించుకుని, కడుపు మాడ్చుకుని మరీ వెళ్ళాను.

హోటల్ మేడమీద గదిలో బిస్కెట్లు లేవు. బల్ల చుట్టూ జనం, మూల ఒక కెమెరా, ఎదురుగా నల్లకోటు వేసుకున్న లాయరమ్మ. అందరినీ లెక్కపెట్టుకుని, "సరిగ్గా పన్నెండుమంది. ఇవాళ మీరే జ్యూరీ," అంది. స్టూడెంట్ వీసా, కోర్టు, గార్డ్స్ (ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు) అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి. లేచి నిలబడి, "మేడమ్, నేనేం చెయ్యలేదు," అన్నాను. ఎవరూ నవ్వలేదు. దాంతో నా భయం రెట్టింపైంది. పక్క కుర్చీలోని పెద్దాయన (గొర్రెలు పెంచుతాడట, మనసులో గొర్రెల తాత అని పేరు పెట్టేశాను) నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "ఉత్తుత్తిదేనమ్మా, కూర్చో," అన్నాడు. అప్పుడు లాయరమ్మ వివరంగా చెప్పింది. అసలు కేసు డబ్లిన్‌లో అసలు జ్యూరీ ముందుకి వెళ్ళాలి. ఆ లోపల మామూలు మనుషులకి వినిపించి, వాళ్ళకేమనిపిస్తుందో చూస్తారట. కేసు వేసినావిడ పక్కగదిలో కూర్చుని మమ్మల్ని తెరమీద చూస్తోంది. కోర్టుకెక్కాలో, మానుకోవాలో మా మాటలు విన్నాకే తేల్చుకుంటుంది.

ఆవిడ చిన్న ఊళ్ళో మంగలిషాపు నడుపుకునే మనిషి. ఒకరోజు సూపర్‌మార్కెట్లో పాలూ, రొట్టే కొనుక్కుని బయటికొస్తుంటే, గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు. ఏదో దాచావని, ఊరివాళ్ళందరి ముందూ ఆవిడ సంచీని ట్రాలీలో బోర్లించాడు. మందుబిళ్ళలు, జపమాల, కళ్ళజోడు పడ్డాయి. దొంగసొత్తేమీ దొరకలేదు. ఆ రోజు నుంచీ ఆవిడ పాలకి కూడా పక్కూరు వెళుతోంది. లాయరమ్మ ఆపింది. గదిలో ఎవరో "జీసస్" అని నిట్టూర్చారు. నేను మాత్రం ముందుకు వంగి ఆత్రంగా చూస్తున్నాను. "నీకేమనిపించింది?" అని లాయరమ్మ నన్నడిగింది. "తరవాత ఏమైందండీ?" అన్నాను. "తరవాతంటే?" "అదేనండీ, సంచీ చూశాడు, ఏమీ లేదు, ఆవిడ వెళ్ళిపోయింది. మరి గొడవ ఎప్పుడు మొదలైంది?"

పదకొండు జతల కళ్ళు నామీద వాలాయి. మా వైపు పద్ధతి చెప్పాను. షాపులోకి వెళ్ళేటప్పుడు సంచీ ఇచ్చి టోకెన్ తీసుకుంటాం, వచ్చేటప్పుడు వాచ్‌మన్ బిల్లు చూసి, సరుకులు చూసి, బిల్లుకి చిల్లు పొడుస్తాడు. ఎవరూ ఏమీ అనుకోరు. గొర్రెల తాత గడ్డం గోక్కుని, "మరి ఇక్కడ?" అన్నాడు. "ఇక్కడా అంతేగా. ప్రతివారం మా షాపు సెక్యూరిటీ అతనికి సంచీ తెరిచి చూపిస్తాను." "అతను అడుగుతాడా?" చెప్పబోయి ఆగిపోయాను. అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. మొదటిరోజు నేనే వెళ్ళి అతని ముందు నిలబడి జిప్పు లాగాను. అతను తెల్లబోయి, లోపలికి తొంగిచూసి, "గ్రాండ్" (ఇక్కడ 'సరే, బాగుంది' అనడానికి ఆ మాటే) అన్నాడు. అప్పట్నుంచీ నేను తెరవడం, అతను తొంగిచూసి గ్రాండ్ అనడం. "మరి నీ వెనకవాళ్ళు?" పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పాపం తొందరలో ఉన్నారనుకునేదాన్ని! నా మొహం భగ్గుమంది. ఊళ్ళో అందరిలోకీ నేనొక్కదాన్నే, ఎవరూ అనుమానించకుండానే, దొంగను కానని రుజువు చేసుకుంటున్నాను.

అంతలో తలుపు తెరుచుకుంది. "మీరు రాకూడదు!" అని లాయరమ్మ అరుస్తున్నా వినకుండా, పక్కగదిలోని ఆవిడ తిన్నగా నా దగ్గరికొచ్చింది. కొడుతుందేమోనని కళ్ళు మూసుకున్నాను. "ఇవాళ కేసు మానేద్దామనే వచ్చానమ్మా," అంది. "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని ఊరంతా అంటుంటే, చిన్నదే కాబోలు అనుకున్నా. అడక్కముందే తెరుస్తానని నువ్వన్నావే, నాకు ఒళ్ళు జలదరించింది. వెళ్తాను, కోర్టుకే వెళ్తాను." నా చెయ్యి పట్టుకుంది. సాయంత్రం అక్కకి చెబితే, "సాండ్‌విచ్ తిని రమ్మంటే కేసు నడిపిచ్చి వచ్చినవానే!" అని నోరు తెరిచింది. కొన్ని నెలల తరవాత, విచారణ మొదలవకముందే కోర్టు మెట్ల దగ్గర రాజీ కుదిరి, షాపువాళ్ళు అందరి ముందూ క్షమాపణ చెప్పారని లాయరమ్మ కబురు పంపింది.

ఉత్తుత్తి జ్యూరీ అయిన మరుసటి వారమే మా షాపులో సరుకులు కొన్నాను. గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను అలవాటుగా తల వంచి సిద్ధంగా ఉన్నాడు. జిప్పు మీదికి పోతున్న చేతిని బలవంతంగా ఆపుకుని, నిజంగా ఏదో కాజేసినదానిలా గుండె దడదడలాడుతుంటే, ముందుకి నడిచాను. అతను కంగారుగా వెంటవచ్చి, "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. "బాగానే ఉన్నానండీ. ఇక నుంచి తెరవను." "హమ్మయ్య!" అన్నాడతను. "వద్దని చెబుదామనే అనుకున్నా. నువ్వేమనుకుంటావోనని ఊరుకున్నా." ఇద్దరం పగలబడి నవ్వాం. వీధి మలుపు తిరిగాక మాత్రం, అప్పటి నేనైన ఆ పిల్ల సరుకులు కిందపెట్టి, సంచీని గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఎందుకో అప్పుడు దానికి తెలియదు. ఇప్పుడు నాకు తెలుసు, కానీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడానికి ఆ పిల్ల ఏదీ?