సమాధుల జాబితా ఉన్న చోట పెళ్లి హాలు

ఆ రోజు పొద్దున నాకు చదువు చెప్పిన పెద్దాయనకే అబద్ధం చెప్పాను. చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడలేక కంప్యూటర్ వైపు తిరిగాను.

మెదక్‌లో నాది చిన్న దుకాణం. ముందు గదిలో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు. వెనక బల్ల మీద వెబ్‌సైట్లు తయారుచేస్తాను. ఆ పెద్దాయన, చర్చి పక్క బడిలో నాకు లెక్కలు చెప్పిన సారు. రిటైరై చాలా కాలమైంది. లోపలికి వచ్చి కూర్చుని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"బిడ్డా, నా సైటు తెరుస్తె పెండ్లి హాలు వస్తున్నది. జర చూస్తవా?"

తెర మీద బంతిపూల మండపం, రెండు సింహాసనాల్లాంటి కుర్చీలు. ఆ ఫోటో తీసింది నేనే.

"రెన్యువల్ మర్చిపోయిండ్రా సారూ? సైటు పేరుకు ఏడాదికోసారి పైసలు కట్టాలె గద."

"నడుమ కండ్ల ఆపరేషనైంది. మెయిళ్లు చూడలె."

"గడువు దాటితే పోయినట్టే సారూ. ఎవరు కొన్నరో ఏమో. ఇగ రాదు."

కొన్నది నేను.

చేగుంట రోడ్డులో ఫంక్షన్ హాలు కట్టిన ఒకాయన, ముహూర్తాల కాలానికి ముందే తన హాలు సెర్చ్‌లో పైన కనబడాలన్నాడు. సైటుకు కొత్త పేరు తీసుకుంటే సెర్చ్‌కు అది కొత్త మనిషి. నమ్మకం కుదరడానికి నెలలు పడుతుంది. పాత పేరైతే ఏళ్ల తరబడి వేరే సైట్లు దానికి దారి చూపిస్తూ ఉంటాయి. యజమాని గడువు మర్చిపోయినా ఆ దారులు అలాగే ఉండిపోతాయి. అట్లా వదిలేసిన పేర్ల జాబితాలు మా పనిలో రోజూ దొరుకుతాయి. ఎవరు వదిలేశారు, ఎందుకు వదిలేశారు అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. పేరులో మా ఊరుంది, పాతది, ఎన్నో చర్చిల సైట్లలో దాని లింకు ఉంది. కొనేముందు పాత పేజీ ఒకటి తెరిచి కూడా చూశాను. వరుస నంబర్లు, పేర్లు. ఎవరిదో పనికిరాని పట్టిక అనుకుని మూసేశాను.

అది సమాధుల జాబితా. మా ఊరి క్రైస్తవుల శ్మశానంలో చాలా సమాధులకు రాయి ఉండదు. మట్టి దిబ్బ, దాని మీద కర్ర సిలువ. నాలుగు వానలకు కర్ర పుచ్చిపోతుంది. ఈస్టరుకు ముందు కుటుంబాలు వచ్చి గడ్డి పీకి, సున్నం వేసి, పండుగనాడు తెల్లవారకముందే పూలు, కొవ్వొత్తులు పెడతారు. పట్నంలో స్థిరపడ్డవాళ్లకు ఏడాదికోసారి వస్తే ఏది ఎవరిదో గుర్తుండదు. సారు నోటుబుక్కు పట్టుకుని ఏళ్లు తిరిగి, గేటు నుంచి ఎన్నో వరుస, వరుసలో ఎన్నోది అని ప్రతి ఒక్కరికీ లెక్క రాసిపెట్టాడు.

"మొన్న ఒకామె వచ్చింది. ఫోన్ల చూద్దమంటె పెండ్లి హాలు వచ్చిందట. తల్లి సమాధి అనుకుని పక్కామెకు సున్నమేసి పోయింది" అన్నాడు సారు. అని నవ్వాడు. "పోనీ తియ్. గా పక్కామెకు ఎవ్వలు లేరు. ఈ ఏడాదన్న సున్నం దొరికింది. గాని ఈస్టరు ఇంక రెండు వారాలే ఉన్నది బిడ్డా. అందరు చూసేది గిప్పుడే."

కర్ర పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆయన కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మధ్యాహ్నం ఫంక్షన్ హాలుకు పోయాను. దాని యజమానిది కుల్చారం దగ్గర వ్యవసాయ కుటుంబం. కుర్చీలు కడిగిస్తూ చాయ్ తాగుతున్నాడు.

"అన్నా, సైటు పేరు మార్చాలె."

"ఎందుకు? మొన్ననే మొదటి పేజీలకొచ్చింది గద. మస్తు ఫోన్లు వస్తున్నయ్."

"ఆ పేరు వేరేటోళ్లది. శ్మశానంల ఎవరి సమాధి యాడున్నదో చెప్పే సైటది."

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "సమాధుల పేరు మీద నా హాలు పెట్టినవా? లగ్గం పెట్టుకునే ఇంట్ల ఇది తెలిస్తే ఒక్కడన్న నా గేటు తొక్కుతడా?"

"తప్పు నాదే అన్నా."

"తప్పు నీదే. ఇజ్జత్ నాది."

కొత్త పేరు సెర్చ్‌లో పైకి రావడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు. నెలలు పట్టొచ్చు, మాట ఇవ్వలేనన్నాను. ఇన్నేళ్లలో ఏ గిరాకీకీ నేనంత నిజం చెప్పలేదు.

"మా నాయినను మా పొలం గట్టుకే పెట్టినం" అన్నాడు చివరికి. "ట్రాక్టరు తోలేటోనికి ఏడాదికోసారి గా సమాధి చూపియ్యకుంటె గా గట్టు గూడ దున్నేస్తడు. ఇచ్చెయ్ తమ్మీ. గాని నా కొత్తదానికి నువ్వే తిప్పలు పడు."

సాయంత్రం సారు ఇంటికి పోయి గడపలోనే చెప్పేశాను. "సారూ, ఆ పేరు కొన్నది నేనే. పొద్దుగాల అబద్ధం చెప్పిన."

"తెలుసు" అన్నాడు. "లెక్క రాని రోజు గూడ నువ్వు గిట్లనే బల్ల దిక్కు చూసెటోనివి." తరువాత అడిగిన ప్రశ్న ఒక్కటే. "మరి గదంత మళ్ల వస్తదా?"

అంతా రాలేదు; గడువుతో పాటే ఆయన పేజీలూ చెరిగిపోయాయి. పేరును ఆ సాయంత్రమే ఆయన ఖాతాకు మార్చాను. గడువు గుర్తుచేసే సందేశం ఆయన కూతురికీ నాకూ వచ్చేట్టు పెట్టాను. ఇంటర్నెట్‌లో పాత పేజీల నకళ్లు దాచే చోట వెతికితే మొదటి ఆరు వరుసలే దొరికాయి. మిగతావి నోటుబుక్కుల్లో ఉన్నాయి. ఆయన రాత ఆయనకే కనబడడం లేదు కాబట్టి నేను పైకి చదివేవాణ్ణి, ఆయన సరిచేసేవాడు, నేను టైపు చేసేవాణ్ణి. వారం రోజులు దుకాణం మధ్యాహ్నం మూసేశాను. ఫంక్షన్ హాలు కొత్త సైటు అప్పటికి నాలుగో పేజీలో ఎక్కడో ఉంది. దాని యజమాని రోజూ ఫోన్ చేసి తిట్టేవాడు, నేను వినేవాణ్ణి.

చివరి వరుసల కాగితాలు తడిసి అక్షరాలు కలిసిపోయాయి. అందుకని ఇద్దరం శ్మశానానికే పోయాం. సారు కర్ర కొనతో ఒక్కొక్క దిబ్బనూ తాకుతూ లెక్కపెట్టాడు, నేను రాసుకున్నాను. ఒకచోట ఆగాడు. తెల్లగా మెరుస్తున్న సమాధి పక్కన గడ్డి పెరిగిన దిబ్బ. "గామె తల్లి ఇదే" అన్నాడు.

ఆయన దగ్గర నంబరు తీసుకుని అక్కడి నుంచే ఆమెకు ఫోన్ చేశాను. సున్నం పక్క సమాధికి పడిందని చెప్పి, ఆమె వెతికిన సైటు ఎందుకు మాయమైందో, అది ఎవరి వల్లనో కూడా చెప్పాను. వాళ్ల అమ్మ సమాధికి సున్నం నేను వేస్తానన్నాను.

"మీరేం వెయ్యకుండ్రి. మా అమ్మకు నేనే వేసుకుంట" అంది. "యాడున్నదో చెప్పుండ్రి, చాలు."

"గేటు నుంచి పదకొండో వరుస. ఎడమ దిక్కు నుంచి నాలుగోది."

"ఆగుండ్రి, రాసుకుంట. మళ్ల చెప్పుండ్రి."

మళ్లీ చెప్పాను.