గట్టు మీది వేప

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, మా ఇంట్లో మాటలు కూడా కరువయ్యాయి. నాన్న తెల్లవారకుండానే చేలోకి వెళ్లిపోయేవాడు. అద్దంకి దగ్గర మాది నల్లరేగడి నేల. ఎటు చూసినా మిరప, పత్తి. మా గట్టు మీద మాత్రం ఒక వేపచెట్టు ఉండేది. మిరపకాయలు కోసే రోజుల్లో కూలీలంతా మధ్యాహ్నం దాని కింద చేరి అన్నం మూటలు విప్పేవారు. ఎవరో ఒకరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ముద్ద కలిపి పెట్టేవారు. రోజు మొత్తంలో నాతో మనుషులు మాట్లాడేది అప్పుడే.

ఒకరోజు నాన్న గొడ్డలి తెచ్చాడు. వేప నీడ పడినచోట మిరప ఎదగడం లేదట. నాకు ఏడుపొచ్చింది కానీ, వద్దనే ధైర్యం లేకపోయింది. ఆ వారమే మాకు తోడుగా వచ్చిన మేనత్త నా ముఖం చూసింది.

"కొట్టుకోరా, నీ చెట్టు నీ ఇష్టం. కాకపోతే ఇయ్యాళ మాతోపాటు కాయలు కొయ్యి. అన్నం కూడా ఎండలోనే తిందాం. రేపట్నుంచి ఎటూ అంతేగా!" అంది.

నాన్న నవ్వి సరేనన్నాడు. మధ్యాహ్నం అత్త మాట మీద అందరూ చెట్టును వదిలేసి ఎండలోనే కూర్చున్నారు. ఎవరి ముద్ద వాళ్లు గబగబా మింగారు. కారం అంటిన చేతులు మంట, కింద నేల మంట. నాన్న సగం అన్నంలోనే లేచి, ఎవరివైపూ చూడకుండా గిన్నెతో వేప కిందికి నడిచాడు. కాసేపటికి అక్కణ్ణుంచే పిలిచాడు.

"అక్కా, అందర్నీ రమ్మను. పాపని కూడా తీసుకురా."

అమ్మ పోయాక నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకోవడం అదే మొదటిసారి. గొడ్డలి మళ్లీ గట్టు మీదికి రాలేదు.

ఆ సాయంత్రం నాకు జడ వేస్తూ అత్త అంది: "మీ నాన్నకి నేను చెబితే ఎక్కదే. ఎండ చెబితే ఎక్కింది."

ఇప్పుడు చిలకలూరిపేటలో, హైవే పక్కన మేడ మీద గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెట్లన్నీ పోయాయి. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి. నాలుగు మొక్కలు నాటుదామని ఎవరికి చెప్పినా 'నిజమేనండి' అని వెళ్లిపోయేవారు. చెప్పడం మానేసి, బస్సులు ఆగే చోట ఒక కానుగ మొక్క నాటాను. మేకలు కొరక్కుండా చుట్టూ ముళ్లకంప కట్టి, బిందెతో నీళ్లు మోశాను. ఇప్పుడది మనిషిని మించి ఎదిగింది. మిల్లు పనివాళ్లు దాని కింద నిలబడి బస్సు కోసం చూస్తుంటారు. ఎవరి పేరూ నాకు తెలియదు. ఎండ మరీ ఎక్కువైన రోజున నేనూ దిగి వెళతాను. మాట్లాడేదేమీ ఉండదు. కాస్త జరిగి, నాకూ చోటిస్తారు.